టోపీతో వచ్చిన మనిషి

"ముందు ఆ టోపీ తియ్యవయ్యా! బల్ల దగ్గర కూర్చున్నావు."

హెడ్విగ్ ఆ మాట నవ్వుతూనే అంది. బల్ల చివర కూర్చున్న ముసలాయన కూడా నవ్వాడు. టోపీ మాత్రం తియ్యలేదు.

"క్షమించాలి అమ్మగారూ. ఒకరు చెబితే తియ్యడం మానేశాను."

ఆమె ముఖం మాడిపోయింది.

ఆ రోజు ఆమె భర్త వీస్నర్ పుట్టినరోజు. ఊళ్లో పెద్దలంతా వచ్చారు. బాతు మాంసం, ఎర్ర క్యాబేజీ, మంచి వైను. చంద్రుడి మీద మనిషి దిగే రోజు ఎంతో దూరంలో లేదని వీస్నర్ చెబుతుంటే అందరూ నోళ్లు వెళ్లబెట్టుకుని వింటున్నారు. రాకెట్ల మనిషి కదా మరి!

తెల్లారితే ఆయనకు కోర్టు. ఆ సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, జర్మన్ సైన్యం కోసం కొండ కింది సొరంగంలో ఖైదీల చేత రాకెట్లు చేయించారు. తిండి లేక, దెబ్బలు తాళలేక వేలమంది అక్కడే పోయారు. ఆ సొరంగంలో తాను అడుగైనా పెట్టలేదనీ, ఆఫీసులో కూర్చుని బొమ్మలు గీసుకున్నాననీ వీస్నర్ ప్రమాణం చేశాడు. పాపం, ఎంత అమాయకుడో! జడ్జి నమ్మితే ఇల్లు, నమ్మకపోతే జైలు.

"ఏమండీ, ఎవరో వచ్చి కూర్చున్నాడు. చెబితే వినడం లేదు," అంది హెడ్విగ్.

వీస్నర్ గ్లాసు పట్టుకుని వచ్చాడు.

"ఎవడివి నువ్వు? పత్రికవాడివా?"

"కాదు సార్. నా పేరు లెమేర్. ఫ్రాన్సు నుంచి వచ్చాను. నన్ను పంపింది..."

"ఎవడు పంపితే నాకేంటి! నా ఇంట్లో, నా ముందు, నెత్తిన టోపీయా?"

"అది నా నెత్తి సార్. మీ ఇల్లు కాదు."

ఎవరో కిసుక్కున నవ్వారు. వీస్నర్‌కు ఒళ్లు మండింది. గ్లాసు బల్ల మీద దబ్బున పెట్టాడు.

"టోపీ తియ్! గోడవైపు తిరుగు!"

కిటికీ అద్దాలు అదిరాయి.

లెమేర్ చటుక్కున లేచాడు. టోపీ చేతిలోకి వచ్చింది. వెళ్లి గోడకు ముఖం పెట్టి నిలబడ్డాడు.



అటు తిరిగే అన్నాడు.

"ఇంకొక్కసారి అరవండి సార్."

"ఏంటీ?"

"పైవాళ్లు వస్తే టోపీ తీసి గోడవైపు తిరగాలి. సొరంగంలో అది రూలు. ముఖం చూసినవాడు బతకడు. అందుకే మీ ముఖం మాలో ఎవరికీ తెలీదు."

ఇటు తిరిగాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఈ గొంతు తెలుసు. ఈ గొంతు 'పని ఆలస్యమైంది' అన్న రోజే మా తమ్ముణ్ణి క్రేనుకు ఉరితీశారు. ఆ కాళ్ల కిందుగా నన్ను నడిపించారు."

"పిచ్చివాడు! బయటికి గెంటండి!" అన్నాడు వీస్నర్. ఈసారి అరవలేదు.

"ఎందుకు సార్ శ్రమ? నేనే వెళ్తా."

లెమేర్ టోపీ మళ్లీ పెట్టుకున్నాడు. అంచు సర్దుకున్నాడు. కసిగా, హాయిగా నవ్వాడు.

"రేపు కోర్టులో కలుద్దాం."

తలుపు మూసుకుంది.

అతిథులు ఒక్కొక్కరే కోట్లు వెతుక్కుంటున్నారు. అంతలో వీస్నర్ లాయరు క్రూగర్ హుషారుగా లోపలికొచ్చాడు.

"సిగరెట్లు కొనుక్కుని వస్తా, మీరు పదండి అని ముందే పంపానే! ఏడీ మా లెమేర్?"

వీస్నర్ కుర్చీ కోసం తడుముకున్నాడు.

"నువ్వా పంపింది? ఎవడు వాడు?"

"భలేవారే! 'ఈయన ముఖం నేను సొరంగంలో ఎన్నడూ చూడలేదు, జర్మన్ అయినా సరే ఈయన మీద అబద్ధం చెప్పను' అని మన తరఫున సాక్ష్యానికి ఒప్పుకున్న ఒకే ఒక్క ఖైదీ!"