బియ్యం డ్రమ్ములో ట్యాంకు

బియ్యంతో తీసిన స్పిరిటు కలిపిన పెట్రోలు తప్ప బంకుల్లో మరొకటి దొరకని కాలం వచ్చాక, పొద్దుగూకగానే పడవల ట్యాంకులు కూడా మనుషులతోపాటు ఇళ్లకు చేరుతున్నాయి. ఆ పెట్రోలు సముద్రపు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ట్యాంకు నిండుగా ఉంటే లోపల గాలికి చోటుండదు. కానీ నిండా పోయించే స్తోమత జాలరిపేటలో ఎవరికీ లేదు. అందుకే కాసులమ్మ రోజూ సగమే నిండిన తమ ప్లాస్టిక్ ట్యాంకును బియ్యం డ్రమ్ములో పూడ్చిపెట్టేది. బియ్యం తడి లాగేస్తుందని అందరి నమ్మకం. అన్నం పెట్రోలు వాసన వేసినా ఇంట్లో అందరూ అదే తినేవారు.

వారంగా ముసురు. ఆ ఉదయం ఆమె భర్త ఎర్రయ్య ట్యాంకును వెలుతురుకు పట్టి చూశాడు. అడుగున నీరు వేరుగా పేరుకుని కనబడింది.

"పైది వంచుకుంటే ఎల్లడానికి సరిపోద్ది," అన్నాడు.

"మరి రావడానికో?"

"మా తాత ఇంజినుతోనే వొచ్చేవోడేటి? ఓ చీరియ్యి, తెరచాప కట్టుకుంటాను."

"ఎల్లొద్దు మావా."

"ఎల్లకపోతే రేపటికి ఇదీ పాడైపోద్ది. అప్పుడు ఆ డ్రమ్ములోకి బియ్యం ఏటెట్టి కొంటావు?"

పాత చీరలన్నీ చిరుగులే. గంగమ్మ తల్లికి పెడదామని పసుపు రాసి దాచిన కొత్త చీర ఒక్కటే గట్టిగా ఉంది. కాసులమ్మ దాన్ని కళ్లకద్దుకుని అతని చేతిలో పెట్టింది.

పడవ కెరటాలు దాటాక ఆమె మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడింది.

"అమ్మా, ఇంత సముద్రమూ నీదే కదా. మా ట్యాంకులోకి కూడా రాకపోతే నీకేటి తక్కువైపోద్ది?"

అడిగినందుకు చెంపలు వేసుకుని, ఇంజిను చప్పుడు వినబడినంతసేపూ అక్కడే ఉండిపోయింది.