ఒక్క ఇంటికి కరెంటు

"ఫ్యూజులన్నీ పీకేశావా?" కింద నుంచి అరిచాడు భానుమూర్తి.

"పీకేసిన సార్. మన గల్లీకి బయటి లైన్‌తోని సంబంధం లేదిప్పుడు. పై సార్లకు గూడ చెప్పిన," ట్రాన్స్‌ఫార్మర్ మీద నుంచి దద్దరిల్లేలా జవాబిచ్చాడు లైన్‌మన్ సైదులు.

భానుమూర్తి చొక్కా చెమటకి వీపుకి అతుక్కుపోయింది. ఇంజనీరుగా రిటైరయ్యాక ఆయన ఇంతలా తిరగడం గల్లీలో ఎవరూ చూడలేదు. పొద్దున్నుంచి కాఫీ కూడా తాగలేదు.

గాలివానకి ఎల్బీనగర్‌లో స్తంభాలు పడిపోయాయి. సబ్‌స్టేషన్‌లోకి నీళ్ళొచ్చాయి. అటు దిల్‌సుఖ్‌నగర్ దాకా చీకటే. గల్లీలో నాలుగైదు డాబాల మీద సోలార్ ఉంది గానీ, లైన్లో కరెంటు లేకపోతే అదీ పనిచేయదు. బ్యాటరీలు పెట్టుకుని సొంతంగా నడిచేది భానుమూర్తి ఇంటిది ఒక్కటే.

నిన్న మధ్యాహ్నం సిద్ధిరాములు అందుకే ఆయన గేటు తట్టాడు. గల్లీ చివరి ఇల్లు అతనిది. దిల్‌సుఖ్‌నగర్‌లో పోచంపల్లి చీరల దుకాణం. భార్య భూలక్ష్మికి ఊపిరితిత్తుల జబ్బు. ఆక్సిజన్ మిషన్ ఆడితేనే ఆమెకి ఊపిరి.

"సార్, సిలిండర్ అయిపోవస్తున్నది. జర మీ ఇంట్ల నుంచి ఒక్క వైరు గుంజుకుంట."

"అలా ఇవ్వకూడదు సిద్ధిరాములూ. రూల్ ఒప్పుకోదు. ఏదన్నా అయితే నా మీదకొస్తుంది. ఆస్పత్రికి తీసుకెళ్ళచ్చుగా?"

"రోడ్డు మీద నడుముల్లోతు నీళ్ళు సార్. అంబులెన్సోళ్ళు రామంటున్నరు."

"సాయంత్రానికి కరెంటు వచ్చేస్తుందిలే. రాకపోతే అప్పుడు చూద్దాం."

ఇంట్లోంచి ఇంట్లోకి వైరు లాక్కుంటే ఏ రూలూ అడ్డం రాదని భానుమూర్తికి తెలుసు. బ్యాటరీలు నిండుగానే ఉన్నాయి. కాకపోతే రాత్రికి తన గదిలో ఏసీ ఆడాలి. సిద్ధిరాములు గేటు పట్టుకుని ఇంకాసేపు నిలబడ్డాడు. భానుమూర్తి తలుపేసుకున్నాడు.

సాయంత్రానికి కరెంటు రాలేదు.

ఇవాళ పొద్దున్నే భానుమూర్తి తనంతట తనే గల్లీ చివరికి వెళ్ళాడు. సిద్ధిరాములు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. తల ఎత్తలేదు.

"స్పందన ఎక్కడిదాకా వచ్చింది?"

"రైళ్ళు బందయినయంట సార్. వైజాగ్ నుంచి బస్సుల ఒస్తున్నది. రేపు పొద్దుగాలకు గానీ చేరదు. బిడ్డ ఒచ్చేదాక వాళ్ళమ్మను ఎట్లనన్న ఆపాలె. ఒక్కసారన్న మొఖం చూసుకోవాలె గదా."

"నీళ్ళు తీశాయిగా. పోనీ ఆస్పత్రిలో..."

"ఇంక దవాఖాన ఒద్దు సార్. ఇంట్లనే ఉండనీ. మిషన్ తెచ్చిపెట్టుకున్న, కరెంటే లేదు. జనరేటర్లన్నీ హాస్టళ్ళోళ్ళు పట్టుకపోయిండ్రు."

భానుమూర్తి వెనక్కి తిరిగాడు. రాత్రంతా ఏసీ ఆడి, ఆయన బ్యాటరీలు అడుగంటాయి. తన ఒక్కడి సోలార్‌తో రేపటిదాకా నెట్టుకురావడం కుదరదు. మిగతా డాబాల సోలార్లూ లేవాలి. తన ఇంటి కరెంటు ముందు గల్లీ లైన్లోకి ఎక్కిస్తే, దాన్ని చూసుకుని అవీ ఒక్కొక్కటే తోడొస్తాయి. అందరి ఎండా కలిస్తే ఆ ఇంటికి సరిపోగా బ్యాటరీలు కూడా నిండుతాయి. కానీ అందరూ ఒప్పుకోవాలి. ఎవరూ ఏమీ వాడుకోకూడదు.

డాబా మీద సోలార్ ఉన్న లింగస్వామి, భానుమూర్తి మాట పూర్తికాకముందే మెట్లెక్కాడు. "గిదేం అడుగుడు సార్? బోరు మోటర్ బంద్ చేస్త, ఫ్రిజ్ బంద్ చేస్త. నా ఎండ మొత్తం అక్క కోసమే."

ఎదురింటి కోటేశ్వరమ్మ భీమవరం మనిషి. ఆమె కూడా సరేనంది. స్విచ్చులన్నీ ఆపి వచ్చి, గుమ్మంలో నిలబడి, "ఇదేదో నిన్ననే చేసుంటే పోయేదిగా అన్నయ్యగారూ," అంది.

భానుమూర్తి చెప్పులు వేసుకుని పక్కింటికి నడిచాడు.

సైదులు ఫ్యూజులు పీకాక భానుమూర్తి మొదటిసారి స్విచ్చి వేయగానే గల్లీలో ఆపడం మరిచిన ఫ్యాన్లు కదిలాయి. పిల్లలు హోయ్ అని అరవబోతే ఎవరో పెద్దవాళ్ళు గట్టిగా కసిరారు. అంతలోనే అన్నీ ఆగిపోయాయి. ఎవరిదో మోటరు ఆన్‌లో ఉండిపోయింది.

"ఎవలదిరా మోటర్?" లింగస్వామి ఇల్లిల్లూ పరిగెత్తి, వెతికి పట్టుకుని కట్టేశాడు.

రెండోసారి నిలబడింది. లింగస్వామి డాబా మీద సోలార్ లేచింది. తర్వాత కోటేశ్వరమ్మది. ఆ తర్వాత మిగతావి. మబ్బు పట్టినప్పుడు భానుమూర్తి తలెత్తి ఆకాశం వైపే చూస్తూ నిలబడ్డాడు. మబ్బు పోయింది. చుట్టూ ఇంత పెద్ద నగరం చచ్చినట్టు పడుంటే, ఆ చిన్న గల్లీ ఒక్కటే తన కరెంటు తనే పుట్టించుకుని నడుస్తోంది. సర్వీసంతా ఇంజనీరుగా చేసినా, అంత మంచి పని ఆయన చేతి మీదుగా ఎన్నడూ జరగలేదు. అయినా ఆయన ముఖంలో ఆ వెలుగు లేదు.

గల్లీ చివరికి నడిచాడు. మిషన్ గుర్రుమని ఆడుతున్న చప్పుడు వాకిట్లోకే వినిపిస్తోంది. సిద్ధిరాములు లేచి వచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"మీరు సల్లగుండాలె సార్."

భానుమూర్తి చేతులు విడిపించుకోలేదు, అతని కళ్ళలోకి చూడనూ లేదు. అతని భుజం మీదుగా లోపలికి చూశాడు.

హాలు నడుమ, బంతిపూల దండల కింద, ఫ్రీజర్ బాక్సు అద్దం మూత లోపల భూలక్ష్మి పడుకుని ఉంది.