ఒక్క చప్పుడు

పాపకు అమ్మవారు పోసిందని తెలిసిన నాడే సక్కుబాయి భర్త కృష్ణయ్యను బయటికి పంపి గడియ పెట్టుకుంది.

"ఇద్దరం పడితే గంజి ఎవరు తెస్తరు? తలుపు కాడ మాట్లాడకు, గాలి సోకుతది. అంతా మంచిగుంటే గిన్నె మీద ఒక్కసారి కొడ్త. రెండుసార్లు కొడితే లోపలికి రా," అంది తలుపు సందులోంచి.

చార్మినార్ వెనక ఆ గల్లీలో మశూచి సోకిన ఇంటి వైపు ఎవరూ నడవడం లేదు. కృష్ణయ్య ఒక్కడే రోజూ పొద్దున గంజి తెచ్చి మూసిన కిటికీ గట్టు మీద పెట్టి, వేపమండలు కట్టిన తలుపు ముందు ఊపిరి బిగబట్టి నిలబడేవాడు. లోపల ఠంగుమని ఒక్క చప్పుడు వినిపించేది. రెండోది వినబడుతుందేమోనని తలుపుకేసి చెవి ఒగ్గి, రాకపోతేనే వెనుదిరిగేవాడు.

ఇరవయ్యో రోజూ ఒక్కటే చప్పుడు. పాప గండం గడిచిందని కృష్ణయ్యకు ఏడుపు ఆగలేదు.

"సక్కూ! ఇంక తలుపు తియ్యి!" అని అరిచాడు.

లోపల పీట జరిపిన శబ్దం. గడియ ఊడింది. ఒళ్ళంతా మచ్చలతో పాప నిలబడి ఉంది, చేతిలో గరిటె.

"రెండు కొడితే నువ్వు లోపలికొస్తవంట. ఒక్కటే కొట్టుమని అమ్మ చెప్పింది బాపూ. మూడు దినాల సంది అమ్మ లేస్తలేదు."