గింజ కడుపులో బంగారం

మా బంగారు గని మేనేజరుకి ఏ రాయైనా ఒకటే. ముడిరాయిలో ఉన్న బంగారంలో సగం కూడా చేతికి రాకపోయేసరికి, తొట్లలో బంగారాన్ని కరిగించే సయనైడు ఇంకా పొయ్యమన్నాడు. పోశారు. రాలేదు. ఇక దొంగ కోసం వెతకడం మొదలుపెట్టాడు.

మిల్లులో పాతికేళ్ళుగా రాళ్ళు నూరుతున్న, మేమంతా బాబాయి అని పిలిచే ఆయన దొరికాడు. బూట్లు విప్పించారు, అన్నం డబ్బా బోర్లించారు. ఏమీ లేదు. "ఏమీ దొరకలేదంటే ఆరితేరిన దొంగన్నమాట," అని ఆ మహా మేధావి ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేశాడు.

ముడిరాయిని పరీక్షించే నా మైక్రోస్కోపు గది మేనేజరు గదికి నాలుగడుగుల దూరం. ఒక్కసారి తొంగి చూస్తే సరిపోయేది. "రాళ్ళకి ఫొటోలు తీసే ఆవిడతో నాకేం పని?" అనేవాడు. అడగని వాడికి వెళ్ళి చెప్పాల్సిన ఖర్మ నాకేం పట్టింది?

నెల తిరక్కుండా పైవాళ్ళు వచ్చి మేనేజర్ని సాగనంపారు. నేను సంబరంగా బాబాయిని పిలిపించి, ముడిరాయి ముక్క అతికించిన గాజుపలక మైక్రోస్కోపు కింద పెట్టాను.

"చూడు బాబాయ్. ఈ లేత పసుపు గింజ పైరైటు అనే ఖనిజం. దాని కడుపులో మెరిసే చుక్కలే మన బంగారం. గింజ పగలందే సయనైడు లోపలికి పోదు. ఇంకా మెత్తగా నూరాలి, అంతే. ఎవరూ దొంగిలించలేదు."

బాబాయి చాలాసేపు చూశాడు. తర్వాత కళ్ళద్దాలు పెట్టుకుని, పలక చేతిలోకి తీసుకుని, అంచున నేను దాన్ని మొదట చూసిన రోజే రాసి అంటించిన చీటీ చదివాడు.

"ఈ తేదీ నా డబ్బా బోర్లించక ముందుది కదమ్మా," అన్నాడు.