ఇంటికో అడ్డుగోడ

“ఏమైంది దీనికి? ఒక్క ఫైలు గూడ తెరుచుకుంటలేదు!”

జ్యోత్స్న కేక విని రవీందర్ నోట్లో బ్రష్‌తోనే పరుగెత్తుకొచ్చాడు. కంప్యూటర్ తెర ఎర్రగా ఉంది. మధ్యలో తెల్లక్షరాల బెదిరింపు: మీ ఫైళ్లన్నిటికీ తాళం వేశాం, మేం చెప్పినట్టు వింటేనే తీస్తాం.

“పాస్‌వర్డ్ సరిగ్గ కొట్టినవా?”

“ఎవ్వరికీ చెప్పనని నాతోని ఒట్టు వేయించుకున్నవు గదా, గదే కొట్టిన. కుర్చీల నుంచి లేస్తే చాలు, మళ్లీ కొట్టాల్నాయె. ఇంత చేసి ఏం లాభం?”

జ్యోత్స్న పెళ్లి జాకెట్లకు మగ్గం పని డిజైన్లు గీస్తుంది. నార్సింగి నుంచి మియాపూర్ దాకా ఎందరో పెళ్లికూతుళ్లు ఆమె గీసిన నెమళ్లను వీపున మోస్తూ పీటల మీద కూర్చున్నారు. ఆ నెమళ్లన్నీ ఇప్పుడు పరాయివాడి తాళం వెనక చిక్కుకున్నాయి.

“నెట్ వైరు ఇంట్లకు వచ్చేకాడనే అడ్డం పెట్టే ఫైర్‌వాల్ పెట్టె దొరుకుతదంట, కొందామని మొత్తుకున్న. వింటివా? అది ఆఫీసులకు, ఇంటికి కంప్యూటర్ల ఉన్న సాఫ్ట్‌వేర్ ఫైర్‌వాల్ చాలు, ఆపైన నేనున్న అంటివి.”

ఆ ‘నేనున్న’ అన్న పెద్దమనిషి కోకాపేటలో ఒక కంపెనీ కంప్యూటర్లకు కాపలా కాసే ఇంజనీరు. నోట్లో నురగ గుటుక్కున మింగాడు. పాపం, ఆ సాఫ్ట్‌వేర్ తప్పేమీ లేదని ఆయనకు తెలుసు. మొన్న ఆదివారం క్రికెట్ మ్యాచ్ ఊరికే చూపిస్తుందని ఒక దొంగ యాప్ దించుకున్నాడు. ఫైర్‌వాల్ ఆపితే తప్ప నడవనని అది మొండికేసింది. ఆపాడు. పక్కన సోఫాలో చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న తల్లి భూలక్ష్మి “ఎవరు గెలుస్తున్నర్రా?” అని కూడా అడిగింది. గెలిచిన సంబరంలో మళ్లీ ఆన్ చేయడం మరిచాడు. ఆఫీసులో ఎవడైనా ఇదే పని చేసుంటే నలుగురిలో నిలబెట్టి కడిగేసేవాడు.

“సాఫ్ట్‌వేర్‌ది ఒక్కోసారి గిట్లనే చేతులెత్తేస్తది,” అన్నాడు. “ఎవరో ఏదో నొక్కి ఉంటరు.”

అన్నాక నాలుక కరుచుకున్నాడు. ఇంట్లో ఉన్నదే ముగ్గురు.

వంటింటి గుమ్మంలో నిలబడ్డ భూలక్ష్మి కొడుకు మొహంలోకి ఒకసారి చూసింది. కొంగుతో చేతులు తుడుచుకుంది.

“నేనే నొక్కిన బిడ్డా, జ్యోత్స్నా. మన కొమురయ్య మనుమరాలి పెండ్లి కార్డు దాంట్ల కనవడ్డది. చూద్దామని నొక్కిన.”

జ్యోత్స్న అత్తను చూసింది. తర్వాత భర్తను చూసింది. ఏదో అడగబోయి ఆగింది.

“పోనీ తియ్ అత్తమ్మా,” అని కంప్యూటర్ కట్టేసింది.

రవీందర్ నోరు తెరిచాడు. కానీ ఏమో, ఆ కార్డే కొంప ముంచి ఉండొచ్చు కదా అని మనసు అప్పటికే వకాల్తా పుచ్చుకుంది. తెరిచిన నోరు మూశాడు. గుండెల మీంచి బరువు దిగినట్టే దిగి, వెంటనే రెండింతలై కూర్చుంది.

సాయంత్రానికల్లా ఫైర్‌వాల్ పెట్టె తెచ్చి వైర్లు దూర్చడం మొదలుపెట్టాడు. భూలక్ష్మి దానికి కుంకుమ బొట్టు పెట్టింది.

“గిది ఉంటే ఇగ ఎవరు తప్పు చేసినా గా పీడ ఇంట్లకు రాదా?”

ఇంట్లోవాడే పిలిచి పీట వేస్తే ఏ పెట్టె ఆపుతుంది? ఆ మాట చెప్పడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు.

“రాదమ్మా,” అన్నాడు.

“మంచిదాయె. నా అసొంటి ఏం తెల్వనిదానికి గసొంటిదే ఉండాలె.”

ఆ మాట ముల్లులా దిగింది. అక్కడితో పోలేదు. భూలక్ష్మి కంప్యూటరున్న గది ఊడ్వాలంటే దానికి దూరంగా ఒదిగి నడిచేది. ఫోనులో ఎవరిదైనా పెళ్లి కార్డు వస్తే “నువ్వే చూడు బిడ్డా, నేను ముట్ట” అని కోడలికి అందించేది. జ్యోత్స్న నెమళ్లను మళ్లీ మొదటి ఈక నుంచి గీస్తోంది. అత్తతో మామూలుగానే ఉంది. భర్తతోనే మాటలు తగ్గించింది. పని పోయిన బాధ కాబోలు అనుకున్నాడు రవీందర్.

ఒకరోజు ఆఫీసులో భోజనాల దగ్గర తోటి ఉద్యోగి అవినాష్ అడిగాడు. “అన్నా, ఇంట్ల కంప్యూటర్‌కు ఏ ఫైర్‌వాల్ మంచిది? సాఫ్ట్‌వేరా, హార్డ్‌వేరా?”

“రెండూ ఉంటే మంచిదే. కానీ ఇంట్లోడే తలుపు తీస్తే రెండూ దండగ.”

డబ్బా మూసేసి, సగం రోజు సెలవు పెట్టి ఇంటికి బయలుదేరాడు.

వచ్చేసరికి భూలక్ష్మి కోడలి మణికట్టుకు నూనె రాస్తోంది. గీసి గీసి అది వాచింది. అది చూశాక రవీందర్ చెప్పులు విప్పేదాకా కూడా ఆగలేకపోయాడు.

“అమ్మ కాదు జ్యోత్స్నా. నేను. మ్యాచ్ కోసం ఫైర్‌వాల్ బంద్ చేసి దొంగ యాప్ దించిన. నింద అమ్మ మీద పడుతుంటే చూసుకుంట ఊకున్న. సిగ్గులేనోణ్ణి.”

“అయిపోయిన ముచ్చట ఇప్పుడెందుకురా,” అంటూ భూలక్ష్మి నూనెగిన్నె తీసుకుని వంటింట్లోకి జారుకుంది.

జ్యోత్స్న కళ్లలో కోపం లేదు, ఆశ్చర్యమూ లేదు.

“ఎప్పుడు చెప్తవా అనే చూస్తున్న,” అంది.

“నీకు తెలుసా? అమ్మ చెప్పిందా?”

“అత్తమ్మ చచ్చినా చెప్పదు. నీ మీద ఒట్టేసిన గదా, పాస్‌వర్డ్ నేనైతే ఆమెకు చెప్పలే. నువ్వు చెప్పినవా?”