నూనె రాసిన బొమ్మ

స్కానింగు ముగించి, పోయిన ఏడాది తీసిన బొమ్మ కూడా చూపించమని డాక్టర్ హేమావతి అడిగింది. జ్ఞానమణి బైబిల్లోంచి ఒక కాగితం తీసిచ్చింది. అది తెల్లగా ఉంది.

“అయ్యగారు దానికి నూనె రాసి ప్రార్థన చేసినారు మేడం. పది దినాలకే బొమ్మలో గడ్డ మాయమయింది. చర్చిలో సాక్ష్యం చెప్పినా. ఇప్పుడు మల్లా కడుపు ఉబ్బుతాంటే గ్యాసేమో అని వచ్చినా.”

ఆ కాగితానికి ఇంకో చిన్న కాగితం అంటుకుని ఉంది. అదీ తెల్లగానే ఉంది.

“ఇదేంటమ్మా?”

“ఆ పొద్దు స్కానింగుకు మా ఊరు ఓర్వకల్లు నుంచి వచ్చిన బస్సు టికెట్టు.”

“నూనె తగిలితే ఈ రకం కాగితాల మీద అచ్చు చెరిగిపోతుంది. టికెట్టు మీద కూడా పోయింది, చూడు. నీ గడ్డ ఎక్కడికీ పోలేదు.”

జ్ఞానమణి రెండు కాగితాలనూ మార్చి మార్చి చూసింది.

“భయపడకమ్మా. నీది అండాశయంలో నీళ్ళ తిత్తి. స్కాన్‌లో క్యాన్సర్ లక్షణాలేమీ లేవు. ఆపరేషన్ చేసి తీసేస్తారు.”

జ్ఞానమణి తెల్లకాగితాన్ని మళ్ళీ బైబిల్లో పెట్టబోయి ఆగింది.

“మా చెల్లెలికీ స్కాన్ తీసినారు మేడం. దానిది గట్టి గడ్డ, ఆలస్యం చేయొద్దన్నారు. నేనే ఈ తెల్లకాగితం చూపిచ్చి, నువ్వూ నూనె రాయించుకోమని చెప్పినా.”

“ఆమెను వెంటనే తీసుకురా!”

“దాని బొమ్మ కూడా తెల్లగా అయింది మేడం. ఈ ఆదివారమే చర్చిలో దాని జ్ఞాపకార్థ కూడిక.”