ఆకాశ ఓడ కప్తాను

"వస్తాడా, రాడా? ఒక్క మాట చెప్పు సారూ," అంది తిరుపాలమ్మ, టీవీ మీద నుంచి కళ్ళు తిప్పకుండా.

హిందీ మాస్టరు మోషే కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. తెర మీద హిందీ సీరియల్లోని ఆకాశ ఓడ వేలాడుతోంది. ఆ ఓడ కప్తాను ఏదో గ్రహం మీద తెల్లటి పొగమంచులోకి నడిచిపోయి ఆరు నెలలైంది.

"పోయినోడు యాడొస్తాడు వదినా?" మరిది సంజీవయ్య నవ్వాడు. "వానికి ఇంకో సినిమా దొరికింటాది. మూడేండ్లుగా సాగదీస్తాండారు దీన్ని."

"నీ నోట్లో మన్ను! హిందీ నీకొచ్చా, సారుకొచ్చా?"

మోషే తల వంచుకున్నాడు. కప్తాను చచ్చిపోయాడని ఓడలో వాళ్ళు ఆనాడే ఏడ్చారు. ఆ మాటను అతను తెలుగులోకి తేలేదు. "పని మీద పోయినాడమ్మా, వస్తాడు" అన్నాడు. ఆ పూట తిరుపాలమ్మ రెండు ముద్దల సంగటి తిన్నది. అప్పటి నుంచి ప్రతి ఆదివారం ఆరాధనకు పోయేముందు అతను ఆ ఇంట్లో కూర్చుని అదే మాట చెబుతున్నాడు.

ఆమె కొడుకు ఎర్రన్న ఎలక్షన్లప్పుడు, ఊరు రెండు పార్టీలై బాంబులు వేసుకున్న దినం నుంచి కనపడలేదు. పోలీసులకు భయపడి బళ్ళారి పక్క దాక్కున్నాడని అందరూ అనుకున్నారు. ఆ ఏడు శవం లేచిన ప్రతి ఇంటి నుంచీ ఒకడు పగ తీర్చుకోవడానికి కొడవలి పట్టుకుని బయల్దేరాడు. ఈ ఇంట్లో శవం లేవలేదు గనక సంజీవయ్య కొడవలి పట్టలేదు. ఆ మాత్రం మేలే అనుకుంది ఊరు. కప్తాను తిరిగొచ్చిన దినమే తన కొడుకూ వస్తాడని తిరుపాలమ్మ నమ్మకం.

పొగమంచు కదిలింది. అందులోంచి కప్తాను నడిచొచ్చాడు.

"ఏమంటాండారు సారూ వాళ్ళు?"

ఓడలోని డాక్టరమ్మ వెనక్కి నడుస్తూ హిందీలో అరుస్తోంది. ఇతను మన కప్తాను కాదు, ఆయన ముఖం తొడుక్కున్నది ఇంకేదో, తలుపు తీయకండి అని.

"వచ్చినాడు, లోపలికి రమ్మంటున్నారు," అన్నాడు మోషే.

ఆమె కళ్ళు తుడుచుకుని లేచింది. "అయితే మావోనికీ గడియ తీస్తా."

"ఎవరికమ్మా?"

"మూడు దినాలుగా పెరటి తలుపు కాడ 'అమ్మా' అంటాండాడు. గొంతు వానిదే. అయినా మనూర్లో గొంతు మార్చి పిల్చి నరికేటోళ్ళు లేరా? అందుకే కిటికీలో చేతులు చూపియ్యమన్యా."

ఆ ఊళ్ళో ఎవరొచ్చినా అంతే. ఖాళీ చేతులు చూడందే గడియ తీయరు.

"చూపినాడా?" సంజీవయ్య ముఖంలో నవ్వు పోయింది.

"ఖాళీ చేతులే అప్పా. గోర్ల నిండా మన్ను. యాడ బాయి తవ్వే కూలికి పోయినాడో నా బిడ్డ! అయినా భయమేసింది. కప్తాను రానీ, అప్పుడు తీద్దామనుకున్నా."

పట్టపగలు, పెరటి వైపు నుంచి "అమ్మా" అని వినిపించింది. దొడ్లో గొర్రెలన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ మూలకు చేరాయి.

"తీయద్దు తల్లీ!" మోషే పెరటి తలుపుకు అడ్డం నిలబడ్డాడు.

"యాల తీయద్దు? రమ్మన్నారని నువ్వే చెప్తివి కదా సారూ."

సంజీవయ్య కూడా జవాబు కోసం అతని వైపే చూస్తున్నాడు. మోషే తలుపుకు వీపు ఆనించాడు. తిరుపాలమ్మ అతన్ని పక్కకు జరిపి గడియ మీద చెయ్యి వేసింది.

బాంబుకు చచ్చిన ఎర్రన్నను, ఇంకో కొడవలి లేవకూడదని, ఎవరికీ చెప్పకుండా వంక గట్టున పూడ్చిన నలుగురిలో మోషే ఒకడు.